చాటనూగా సాక్ష్యం

ఇంగోల్‌స్టాట్,
మే 11

ఒరే నథానియేల్,

వందనాలు. ఇక్కడ నేనూ కృపామణీ ఒంట్లో బాగానే ఉన్నాం. నా బుర్ర ఎలా ఉందో ఈ ఉత్తరం చివరికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది. ఈ-మెయిలే అయినా పైన ఊరూ తేదీ వేసి ఉత్తరంలాగే రాసుకోవాలని కాకినాడ హాస్టల్ ఖాళీ చేసిన రోజున పెట్టుకున్న నియమాన్ని నేనింకా తప్పలేదు చూడు. ఫోన్ చేసుకోవచ్చు, నిజమే. కానీ మా ఇంట్లో ఫోన్ మోగితే స్పీకర్ నొక్కాకే హలో అంటాం. మీ ఇంట్లోనూ అంతే. మనిద్దరం చెప్పుకునేది రెండు వంటిళ్ళు వింటాయి.

సంగతేమిటంటే, నేను అమెరికా వస్తున్నాను, అదీ మీ ఊరు! చాటనూగా శివార్లలో మా కంపెనీకి చిన్న శాఖ ఉంది. నా ఉద్యోగం నీకు తెలుసు కదా. కారు తలుపు వేసినప్పుడు శబ్దం గంభీరంగా వచ్చిందా, రేకు డబ్బా మూసినట్టు వచ్చిందా అని చెవి ఒగ్గి వినడం. మా నాన్న ఊళ్ళో అందరికీ అబ్బాయి జర్మనీలో ఇంజినీరని చెప్పుకుంటాడు. తలుపులు తీస్తూ వేస్తూ బతుకుతున్నాడని చెప్పడు. ఇప్పుడు ఆ చాటనూగా తలుపులు సరిగ్గా మోగడం లేదట. వేసవిలో నెల రోజులు వెళ్ళి వినిరమ్మంటున్నారు. బాగా వింటే రెండేళ్ళకు అక్కడికే వేస్తారట.

ఈ మాట మా మేనేజరు కాఫీ మిషను దగ్గర అన్నాడు. కాగితం ఇంకా రాలేదు. నేను మాత్రం ఆ ఆదివారమే మా తెలుగు సహవాసంలో లేచి చెప్పేశాను. సెక్రటరీని కదా, మైకు దగ్గరలోనే ఉంటుంది. పాస్టర్ రవీంద్రనాథ్ గారు అక్కడికక్కడే కృతజ్ఞత కూటం ప్రకటించారు. నిన్న అది జరిగింది. జర్మన్ చర్చి కింద హాల్లో చికెన్ బిర్యానీ, ప్రార్థన, నాకో ఎర్ర సూట్‌కేసు బహుమతి. కృపామణి నా చెవిలో "కాగితం వచ్చాక చెప్తే ఏం పోయిందండీ?" అంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందని నాకూ తెలుసు. కానీ అప్పటికే బిర్యానీ దమ్ మీద ఉంది.

నీకు మాత్రమే చెప్పే మాట ఇంకొకటి. పోయినేడు అభినవ్ అనే కుర్రాడు ఇల్లు కొంటున్నానని ముందే ప్రకటించి, లోను రాక తలదించుకున్నాడు. అప్పుడు రేపటి గురించి ఈ రోజే గొప్పలు పోకూడదని అరగంట ప్రసంగించినవాడు ఎవరనుకున్నావు? నేనే.

సరే, మీ ఇంట్లోనే దిగుతాను. మీ ఆవిడ సలోమి చేతి చేపల పులుసు తినాలి. నువ్వు ఎనిమిదేళ్ళుగా ఉన్న ఊరు కదా, చూడాల్సినవన్నీ రాయి.

నీ
సుందర్‌రాజ్


చాటనూగా,
మే 22

ప్రియమైన సుందరూ,

నీ ఉత్తరం చదివి చాలా సంతోషించాం. ఎంత సంతోషమంటే రెండు రోజులు నిద్ర పట్టలేదు. కానీ మా ఇంటికి చెదలు పట్టాయిరా. మందు కొట్టాలి, నేల తవ్వాలి, ఎప్పటికవుతుందో తెలీదు. కంపెనీ వాళ్ళు మంచి హోటలే ఇస్తారు, అందులో దిగు. అసలు వేసవిలో ఎందుకు? ఏ డిసెంబరుకో వాయిదా వేయించుకోలేవా?

ఊరి గురించి అడిగావు. టెన్నెసీ నది ఒక వంపు తిరిగే చోట, చుట్టూ కొండల మధ్య ఉంటుంది. లుకవుట్ మౌంటెన్ అనే కొండ మీదకి నిట్టనిలువుగా ఎక్కే రైలుంది, నూట ముప్ఫై ఏళ్ళ క్రితం వేసింది. అంతర్యుద్ధంలో ఆ కొండ మీద పెద్ద పోరాటం జరిగింది. పొగమంచు కమ్మిందట, కింద నిలబడ్డవాళ్ళకు మబ్బుల్లో తుపాకులు పేలినట్టుందట. నది ఒడ్డున పెద్ద అక్వేరియం ఉంది. పాత రైల్వే స్టేషను ఇప్పుడు హోటలు, రైలుపెట్టెల్లోనే పడుకోవచ్చు. కుటుంబ సమేతంగా చూడదగిన ఊరు, రవాణా సౌకర్యాలున్నాయి, పార్కింగు లభిస్తుంది.

ఇలా రాస్తుంటే కరపత్రం అచ్చేసినట్టుందని నాకే అనిపిస్తోంది. ఉక్కగా ఉంది, ఇందాకే కరెంటు పోయింది. వచ్చాక మళ్ళీ కూర్చుంటాను. ఉంటాను మరి.

నథానియేల్


ఇంగోల్‌స్టాట్,
జూన్ 9

ఒరే నథానియేల్,

నువ్వు చెదల మందు నెమ్మదిగా కొట్టించుకో. నేను రావడం లేదు.

ప్రయాణం రద్దయింది. ఖర్చులు తగ్గించుకోవాలట. చాటనూగా తలుపుల శబ్దం రికార్డు చేసి పంపుతారట, నేను ఇక్కడే హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినాలట. మేనేజరు ఈ మాట కూడా ఆ కాఫీ మిషను దగ్గరే చెప్పాడు.

ఆ సాయంత్రమే సహవాసం గ్రూపులో నిజం రాసేద్దామని ఫోను తీశాను. చూస్తే బాలామణి గారి మెసేజీ ఉంది: "బ్రదర్ ప్రయాణం కోసం మేం ముగ్గురం ఉపవాసం మొదలెట్టాం." బాలామణి గారు మా సహవాసానికి పెద్ద దిక్కు, ఆస్పత్రిలో నర్సు. ఆవిడకు షుగరుంది. షుగరున్న మనిషి నా కోసం పస్తుంటే, రద్దయిందండీ అని ఎలా రాయను? ఫోను జేబులో పెట్టేశాను. మర్నాడు రాయడం ఇంకా కష్టమైంది. ఆ మర్నాడు మరీ.

ఇంట్లో పెద్ద గొడవ. "నెల రోజులే కదా, ఇంట్లోంచి బయటికి రాకుండా ఉంటాను, ఎవరైనా అడిగితే అమెరికా వెళ్ళారని చెప్పు" అన్నాను. కృపామణి చీపురు కింద పెట్టి, "నాకు అబద్ధం రాదండీ. మీరు ఊళ్ళో లేకపోతే లేరని చెప్తాను. ఉంటే ఉన్నారంటాను. మిమ్మల్ని బీరువాలో పెట్టి లేరనడం నా వల్ల కాదు" అంది.

అంచేత ఆవిడ సత్యవాక్య పరిపాలన కోసం నేను ఊరు విడిచి వెళ్ళాలి. మా ఆఫీసు రాకేష్ మాగ్డెబర్గ్‌లో చదువుకున్నాడు, అతనికి అక్కడింకా ఒక చిన్న గది ఉంది. జులైలో ఆ గదికి పోతున్నాను. ఏడాది సెలవు, ఇక్కడి మాటలో ఉర్లౌబ్, మొత్తం రాసిచ్చేశాను. జనం ఉర్లౌబ్‌లో ఇటలీ వెళ్తారు, స్పెయిన్ వెళ్తారు. నేను నా పరువు దాచుకోవడానికి వెళ్తున్నాను.

ఇప్పుడు నువ్వే నన్ను ఆదుకోవాలి. నేను మీ ఇంట్లోనే ఉంటానని అందరికీ చెప్పి ఉన్నాను. తిరిగొచ్చాక నిలబెట్టి సాక్ష్యం చెప్పిస్తారు, తప్పదు. మీ ఊరి సంగతులు కళ్ళకు కట్టినట్టు రాసి పంపు. కరపత్రం వద్దు. పార్కింగు అసలే వద్దు.

నీ
సుందర్‌రాజ్


చాటనూగా,
జూన్ 20

ఒరే సుందరూ,

నువ్వు రావడం లేదంటే బాధపడాలి. పడలేదు, ఎందుకో గట్టిగా నవ్వాను. సలోమి గదిలోకి తొంగిచూసి, "నవ్వుతున్నారా? మీరేనా?" అంది. చాలా రోజులైంది మరి.

ఇక విను. లుకవుట్ కొండ లోపల ఒక జలపాతం ఉంది. వంద ఏళ్ళ క్రితం ఒకాయన పాత గుహలోకి లిఫ్టు వేద్దామని కొండను తొలిపిస్తుంటే మధ్యలో ఒక కన్నంలోంచి చల్లటి గాలి కొట్టిందట. పాక్కుంటూ పోతే చీకట్లో నీళ్ళ హోరు వినిపించింది. దానికి పెళ్ళాం పేరు పెట్టుకున్నాడు, రూబీ ఫాల్స్ అని. ఇప్పుడు లిఫ్టులో దిగి, బుర్ర తగలకుండా వంగి వంగి నడిస్తే చిమ్మచీకటి గదిలోకి తీసుకెళ్తారు. గప్పున దీపాలు వేస్తారు. నీలం, ఎరుపు, వంగపండు రంగుల్లో అంత ఎత్తు నుంచి నీళ్ళు దూకుతుంటాయి. మా పిల్ల మొదటిసారి చూసి, "డాడీ, హూ లెఫ్ట్ ద ట్యాప్ ఆన్?" అంది.

కొండ మీద రాళ్ళ తోట ఒకటుంది, రాక్ సిటీ. అక్కడి నుంచి ఏడు రాష్ట్రాలు కనిపిస్తాయని బోర్డు. నాకు ఎప్పుడు చూసినా చెట్లే కనిపించాయి. అవి ఏ రాష్ట్రం చెట్లో వాటి మీద రాసి ఉండదు కదా. ఆ తోట పెట్టినావిడకు జర్మనీ కథలంటే పిచ్చి. గడ్డాల మరుగుజ్జు బొమ్మల్ని మీ దేశం నుంచి తెప్పించి గుహల్లో కూర్చోబెట్టింది. కాబట్టి సాక్ష్యంలో జర్మనీ ప్రస్తావన కూడా కలిసొస్తుంది, వాడుకో.

ఇంకో ముక్క. మన నాన్నల కాలంలో అమెరికా మొత్తంలో గాలి ఎక్కువ మురికిగా ఉన్న ఊరు ఇదేనని టీవీలో చెప్పారట. ఫౌండ్రీల పొగకి పగలే కార్ల దీపాలు వేసుకుని నడిపేవాళ్ళట. ఆ అవమానంతో ఊరంతా కలిసి గాలి కడుక్కున్నారు. నది ఒడ్డు బాగుచేసుకున్నారు. పరువు పోయినప్పుడు పరువు దాచుకోకుండా ఊరు బాగుచేసుకున్నారన్నమాట. ఈ వాక్యం నీ కోసం రాయలేదు, దానంతట అదే వచ్చింది.

ఇంకా ఏదో రాయబోయాను. కింద మామిడికాయల బండి వెళ్తోంది, అరుపులకి ఆలోచన తెగిపోయింది.

నథానియేల్


మాగ్డెబర్గ్,
జులై 27

ఒరే నథానియేల్,

మీ ఊళ్ళో మామిడికాయల బండ్లు కూడా తిరుగుతాయా? అదృష్టవంతుడివిరా. ఇక్కడ నేను గదిలో మ్యాగీ తింటున్నాను.

దాక్కోవడానికి నేను ఎంచుకున్న ఊరి సంగతి చెప్పాలి. జర్మనీలో ఇన్ని ఊళ్ళుండగా, యూనివర్సిటీ నిండా మన పిల్లలుండే మాగ్డెబర్గ్ కావాల్సొచ్చింది నాకు. మొదటి రోజు ట్రాం ఎక్కితే నా ముందు సీట్లో ఇద్దరు వరంగల్ కుర్రాళ్ళు చిరునామా నమోదుకి ఆఫీసులో టైము దొరకడం గురించి కొట్టుకుంటున్నారు. కూరగాయల కొట్లో ఒకమ్మాయి ఫోన్లో "పప్పులో ఉప్పెక్కువైంది మమ్మీ" అంటోంది. నేను టోపీ కళ్ళమీదికి లాక్కుని, ఎవరు పలకరించినా జర్మన్‌లో గొణుగుతూ తిరుగుతున్నాను.

గ్రూపులో ఫోటోలు పెట్టమని ఒకటే పోరు. ఏం చేయను? ఇక్కడి ఎల్బా నది ఒడ్డున నిలబడి సెల్ఫీ తీసుకుని "టెన్నెసీ నది, దేవుని చేతిపని" అని పెట్టాను. నలభై మంది చేతులు జోడించారు. పది నిమిషాల్లో హెప్సీ నుంచి విడిగా మెసేజీ వచ్చింది. ఆ పిల్లది నరసాపురం, పోయినేడు మా సహవాసంలో ఉండేది, ఇప్పుడు ఇక్కడ ఎమ్మెస్.

"అంకుల్, చాటనూగాలో కూడా మాగ్డెబర్గ్ డోమ్ ఉందాండీ? మీ వెనకాల రెండు గోపురాలూ కనపడతన్నాయి."

డోమ్ అంటే ఇక్కడి పెద్ద చర్చి. దొంగకు తేలు కుట్టినట్టయింది. ఫోటో తీసేశాను. సాయంత్రం ఆ పిల్లే గిన్నెలో సొరకాయ పప్పు తెచ్చిచ్చింది. "నేనెవరికీ చెప్పనండీ. కానీ అంకుల్, అంత కష్టపడి దాక్కోడం కంటే చెప్పేయడం తేలిక కదండీ?" అంది. వయసు ఇరవై మూడు. నేను పప్పు బాగుందన్నాను.

ఇప్పుడు అసలు ఇరకాటం. బాలామణి గారు పట్టుబట్టారు: ఆదివారం సాయంత్రం ఆన్‌లైన్ ప్రార్థనకు నువ్వూ నేనూ కలిసి చాటనూగా నుంచి కనపడాలట. నాకు నెట్ సరిగ్గా లేదని చెప్పేస్తాను. నువ్వు ఒక్కడివి చాలు. ఏదో వంతెన మీద నిలబడి, వెనకాల నది పడేట్టు ఫోను పట్టుకుని, "సుందర్‌రాజ్ బాగున్నాడండీ" అను. అది నిజమే కదా, నేను బాగానే ఉన్నాను. ఐదు నిమిషాల పని. కాదనకు.

నీ
సుందర్‌రాజ్


రాజమహేంద్రవరం,
ఆగస్టు 1

సుందరూ,

పైన ఊరి పేరు చూశావు కదా. పొరపాటు కాదు.

జనవరిలో నా ఉద్యోగం పోయింది. కార్ల ఫ్యాక్టరీలో రంగులు వేసే పెయింట్ షాపులో మా బృందం బృందాన్నే తీసేశారు. వీసా గడువులోపల ఇంకోటి దొరకలేదు. మార్చిలో వచ్చేశాం. మా పాలకొల్లు వెళ్ళే ముఖం లేక, మమ్మల్నెరగని వాళ్ళుంటారని రాజమండ్రిలో ఇల్లు తీసుకున్నాం. మా ఇంటికి చెదలు పట్టలేదురా, ఇల్లే లేదు. నువ్వు మేలో వస్తున్నానని రాసినప్పుడు నా పై ప్రాణాలు పైనే పోయాయి. రావడం లేదన్నప్పుడు ఎందుకు నవ్వానో ఇప్పుడు తెలిసిందా? నువ్వు నన్ను అడిగి రాయించుకున్న చాటనూగా నేను గోదావరి ఒడ్డున కూర్చుని రాశాను. నువ్వు దాన్ని ఎల్బా ఒడ్డున చదువుకున్నావు. ఆ ఊళ్ళో మన ఇద్దరం తప్ప అందరూ ఉన్నారు.

నేను నీకంటే గొప్పగా దాక్కున్నాను. నువ్వు నెల రోజులే. ఇంటి ఓనరు వెంకటరమణమ్మ గారు మెట్ల దగ్గర ఎదురైనప్పుడల్లా "ప్రయాణం ఎప్పుడు బాబూ?" అంటారు. "వచ్చే వారమండీ" అంటాను. ఆదివారం గుడికి పోవడం లేదు, ప్రసంగం ఫోన్లో వింటున్నాను. ఎప్పుడొచ్చావు, ఎప్పుడెళ్తావు అని అడుగుతారు కదా. పిల్లను బళ్ళో వేయలేదు. వేస్తే ఇక్కడే ఉండిపోయామని ఒప్పుకున్నట్టే. అది కిటికీ దగ్గర కూర్చుని కింద బడి ఆటోలు లెక్కపెడుతూ ఉంటుంది.

వంతెన మీద నిలబడమన్నావు. నిలబడగలిగితే నిలబడేవాణ్ణి, నీ కోసం కాకపోయినా. వాల్‌నట్ స్ట్రీట్ వంతెన అంటారు, వందేళ్ళు దాటిన ఇనప వంతెన. కూలగొట్టబోతే ఊరివాళ్ళు పట్టుబట్టి నిలబెట్టుకున్నారు. కార్లు పోవు, నడిచేవాళ్ళే. రోజూ షిఫ్టయ్యాక పిల్లనెత్తుకుని ఆ చెక్కల మీద అటు నుంచి ఇటు నడిచేవాణ్ణి. దాని మీద పోయిన శతాబ్దం మొదట్లో ఎడ్ జాన్సన్ అనే నల్ల మనిషిని జనం జైల్లోంచి లాక్కొచ్చి ఉరేశారు. ఉరి ఆపమని పెద్ద కోర్టు చెప్పాక కూడా. తాను నిరపరాధినని చెప్పి, తనను చంపుతున్నవాళ్ళను దీవించి చనిపోయాడట. నూరేళ్ళకు పైగా దాని గురించి ఊరు నోరెత్తలేదు. ఇప్పుడు వంతెన మొదట్లో ఆయన విగ్రహం పెట్టారు. చల్లగాలికి వచ్చేవాళ్ళు కూడా ముందు ఆయన్ని దాటుకుని పోవాలి.

కొంచెం కిందికి నది ఒడ్డున రాస్ రేవు. ఊరు పుట్టింది అక్కడే. చెరోకీ జాతి వాళ్ళను సొంత నేల నుంచి పడవలెక్కించి తరిమేసిందీ అక్కడే. దారిలో వేలమంది చచ్చిపోయారు. దానికి గుర్తుగా మెట్ల మీదుగా నీళ్ళు జారేట్టు కట్టారు. ఎండాకాలం పిల్లలు ఆ నీళ్ళలో గెంతుతారు. మా పిల్లా గెంతేది. వాళ్ళ బాధ ముందు నాది బాధే కాదు. నేను విమానంలో, రెండు భోజనాలు తిని వచ్చాను. అయినా చివరి రోజు ఆ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆ ఊరంటే నాకు ప్రాణంరా. ఇంత వయసొచ్చి ఒక ఊరి కోసం ఏడుస్తానని అనుకోలేదు.

ఇది నీ సాక్ష్యానికి పనికొస్తే వాడుకో. నా సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు.

నథానియేల్


ఇంగోల్‌స్టాట్,
ఆగస్టు 24

ఒరే,

మూడు వారాలు నీకు జవాబు రాయలేదు. రాయడానికి సిగ్గేసింది. నువ్వు కరెంటు పోయిందని రాశావు, మామిడికాయల బండి వచ్చిందని రాశావు. తలుపు మూసిన శబ్దం విని అందులో మరలెంత వదులయ్యాయో చెప్పగలనని జీతం తీసుకునేవాణ్ణి, నాకేమీ వినపడలేదు. నా గోలలో నేనున్నాను.

ఆదివారం ప్రార్థనకు నీకు ఒంట్లో బాలేదని చెప్పాను. లెక్కలో ఇంకో అబద్ధం.

ఇంటికొచ్చి కృపామణికి నీ సంగతి చెప్పాను, మన్నించు. ఆవిడ దోసె తిరగేస్తూ, "మార్చి నుంచీ తెలుసండీ. సలోమి ఎవరికీ చెప్పొద్దంది" అంది.

"నాక్కూడానా?"

"మీరు అడగలేదు కదా. అడిగుంటే అబద్ధం చెప్పేదాన్ని కాదు. నథానియేల్ అన్నయ్య ఎలా ఉన్నాడని మే నుంచి ఒక్కసారి అడిగారేమో గుర్తు తెచ్చుకోండి. చాటనూగా ఎలా ఉందనే అడిగారు."

దోసె పళ్ళెం పక్కకి జరిపాను.

ఇప్పుడు మనం చేయాల్సింది నీకు తెలుసు. మా దగ్గర ఉద్యోగాలు ప్రకటనల్లో దొరకవు, ప్రార్థన అవసరతల్లో దొరుకుతాయి. ఫలానా సహోదరుడికి ఉద్యోగం పోయిందని లేచి చెప్తే, ఆమెన్ అనేలోపు ఎవరో ఒకరు మా కంపెనీలో ఖాళీ ఉందంటారు. పెయింటు పని తెలిసినవాళ్ళ కోసం ఇక్కడ వెతుక్కుంటున్నారు. కానీ నీ గురించి చెప్పాలంటే నువ్వు మార్చి నుంచి రాజమండ్రిలో ఉన్నావని చెప్పాలి. అప్పుడు జులైలో నేను చాటనూగాలో ఎవరింట్లో ఉన్నానంటారు. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని.

పేరు మార్చి ఎవరో స్నేహితుడని చెప్పనా? పాస్టర్ గారికి ఒక్కడికే చెప్పనా? ఏదో ఒకటి ఆలోచిస్తున్నాను. నీ రెజ్యూమే పంపు.

నీ
సుందర్‌రాజ్


రాజమహేంద్రవరం,
సెప్టెంబరు 6

సుందరూ,

రెజ్యూమే పంపను. పేరు మార్చొద్దు, అసలు పేరే ఎత్తొద్దు. నువ్వు అక్కడ సెక్రటరీవి, నలుగురిలో మాట చెల్లుబాటయ్యేవాడివి. నా కోసం నీ పరువు పోగొట్టుకుంటే ఆ పరువు నాకేం పనికొస్తుంది, అమ్ముకోనా? ఒకడు మునిగితే చాలు.

నువ్వు హాయిగా సాక్ష్యం చెప్పు. జలపాతం దగ్గర కొంచెం ఆగి చెప్పు, ఆ దీపాలు వేసేముందు చీకటి గురించి ఎక్కువ చెప్తే జనం కదులుతారు. రైలు ఎక్కేటప్పుడు వెనక్కి పడిపోతామేమో అనిపిస్తుందని చెప్పు. వంతెన సంగతి మెల్లగా చెప్పు. ఒకటి మాత్రం బతిమాలుతున్నాను, రాస్ రేవు గురించి చెప్పకు. అది నాకుంచు.

పిల్ల నిన్న "డాడీ, వెన్ ఈజ్ నెక్స్ట్ వీక్?" అని అడిగింది. ఓనరు గారికి నేను చెప్పే మాట విందన్నమాట.

నథానియేల్


ఇంగోల్‌స్టాట్,
అక్టోబరు 6

ఒరే నథానియేల్,

నువ్వు వద్దన్న పని నిన్న చేసేశాను. తిట్టాలనుంటే చివరి దాకా చదివి తిట్టు.

నిన్న కోత పండుగ. హాల్లో బల్ల నిండా గుమ్మడికాయలు, ఆపిళ్ళు, బాలామణి గారి పెరటి బీరకాయలు. పాస్టర్ గారు "అమెరికాలో దేవుడు సుందర్‌రాజ్ బ్రదర్‌కి చేసిన మేలులు విందాం" అన్నారు. చప్పట్లు. నేను లేచి మొదలెట్టాను. ఒట్టేసి చెప్తున్నా, బ్రహ్మాండంగా చెప్పానురా. చెప్పేవి శ్రీరంగ నీతులన్నట్టు, చూడని ఊరి గురించి నాకంత ధారాళంగా మాటలెలా వచ్చాయో తెలీదు. చీకటి దగ్గర ఆగాను. కదిలారు. రైలెక్కించాను. భయపడ్డారు. వంతెన మీదికి తీసుకెళ్ళాను. ఆ మనిషి తనను చంపేవాళ్ళను దీవించాడని చెప్పేసరికి బాలామణి గారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు.

ఆవిడ కన్నీళ్ళు చూశాను. నా కోసం పస్తున్న మనిషి, నా అబద్ధానికి నిజంగా ఏడుస్తోంది. మీ పిల్ల అడిగిన ప్రశ్న బుర్రలో మోగింది. ఇంకో ఆదివారం, ఇంకో వచ్చే వారం అనుకుంటూ నేనూ అదే చేస్తున్నాను కదా.

"నేను ఈ ఊరు చూడలేదండీ" అన్నాను. మైకులో చాలా గట్టిగా వినపడింది. "నా ప్రయాణం జూన్‌లోనే రద్దయింది. చెప్పడానికి సిగ్గుపడి నెల రోజులు మాగ్డెబర్గ్‌లో దాక్కున్నాను. ఇదంతా చూసినవాడు నా స్నేహితుడు నథానియేల్. వాడు ఆ ఊళ్ళో లేడు. ఉద్యోగం పోయి మార్చిలో ఇండియా వెళ్ళిపోయాడు. పెయింట్ షాపులో పద్నాలుగేళ్ళ అనుభవం. మీరు నన్నేమన్నా అనండి, వాడి కోసం ప్రార్థన చేయండి."

అభినవ్ మొదట నవ్వాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు. అతనికి ఆ హక్కుంది. పాస్టర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు, నవ్వో ఏడుపో చెప్పలేను. బాలామణి గారు లేచి నిలబడ్డారు. నేను తల వంచుకున్నాను.

"అదంతా సరేగానీ బ్రదర్, ఆ కొండ లోపల జలపాతం ఉన్నట్టా లేనట్టా?"

"ఉందండీ. అది నిజమేనండీ."

"అయితే కానివ్వండి. సగంలో ఆపేస్తారేటి?"

మిగతాది చెప్పాను. రాస్ రేవు చెప్పలేదు. సెక్రటరీ పదవి వదులుకుంటానంటే, పాస్టర్ గారు పదవి ఉంచి మైకు మాత్రం తీసేసుకున్నారు. భోజనాల దగ్గర కార్ల్స్‌రూహె నుంచి చుట్టం చూపుగా వచ్చిన ఒకాయన నీ రెజ్యూమే అడిగాడు, వాళ్ళ కంపెనీలో పెయింటు పనివాళ్ళు కావాలట. అది సలోమి కృపామణికి ఎప్పుడో పంపిందట. ఇచ్చేశాం.

నీ మాట కాదని నీ పేరు బయట పెట్టాను. కోపమొస్తే ఫోన్ చేసి తిట్టు. స్పీకర్‌లో పెడతాను, అందరూ వింటారు.

నీ
సుందర్‌రాజ్


రాజమహేంద్రవరం,
అక్టోబరు 21

ఒరే సుందరూ,

నీ ఉత్తరం చదివి మొదటి రోజు నిజంగా తిట్టాను. సలోమి ఒకటే అంది, "అక్కడెక్కడో మనల్నెరగని వాళ్ళు మన కోసం ప్రార్థన చేస్తున్నారు. ఇక్కడ కింద వాటాలో ఆవిడకు మనమేంటో తెలీదు." చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాను, ఆగితే ఆగిపోతానని.

వెంకటరమణమ్మ గారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. అలవాటు ప్రకారం "ప్రయాణం ఎప్పుడు బాబూ?" అన్నారు.

"ప్రయాణం లేదండీ. నాకు ఉద్యోగం పోయింది. జనవరి నుంచీ లేదు."

ఆవిడ నన్ను ఓదారుస్తారనుకున్నాను. జాలి పడతారనుకున్నాను. రెండింటికీ సిద్ధపడే దిగాను. ఆవిడ చిక్కుడుకాయ చేతిలోనే పట్టుకుని కోపంగా చూశారు.

"అదేంటి బాబూ! ఎల్లిపోయే పిల్లని బళ్ళో ఏం ఏస్తారులే అని ఊరుకున్నాను. నా మనవరాలు ఎల్లే బడి ఈ ఈది చివరే. ఆ మాట మార్చిలోనే చెప్తే జూన్‌లో ఏయించేదాన్ని కదా. ఎన్ని నెల్లు పోగొట్టావు దానికి!"

నా పరువు నేను కాపాడుకుంటున్నాననుకున్నాను. దాని మూల్యం ఆ పిల్ల కిటికీ దగ్గర కూర్చుని కట్టింది. ఉద్యోగం పోయినందుకు నేను సిగ్గుపడాల్సిన పనే లేదు. దీనికి సిగ్గుపడుతున్నాను, పడాలి కూడా.

ఆవిడే తన వెంట తీసుకెళ్ళి హెడ్మాస్టరుతో మాట్లాడారు. కార్ల్స్‌రూహె వాళ్ళు వీడియోలో మాట్లాడడానికి తేదీ ఇచ్చారు. వస్తుందో రాదో తెలీదు. వచ్చినా రాకపోయినా పిల్ల బడి ఆగదు, అది మాత్రం అనుకున్నాం.

నిన్న సోమవారం మొదటి రోజు. యూనిఫాం కుట్టి ఇవ్వలేదు, పువ్వుల గౌనుతోనే పంపాం. తెలుగు సరిగ్గా రాదు, ఎలా నెగ్గుకొస్తుందోనని నేనూ సలోమీ సాయంత్రం దాకా వీధి గుమ్మంలోనే ఉన్నాం. సంచి నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. తన క్లాసులో పిల్లల పేర్లు వరసగా చెప్పింది. అన్నం తింటూ, "డాడీ, రేపు కూడా వెళ్ళొచ్చా?" అని తెలుగులో అడిగింది.

వెళ్ళొచ్చమ్మా అన్నాను.

నథానియేల్